మన వీడియో, వారి రాబడి: పాఠకుల సందేహాలకు న్యాయవాది సమాధానాలు

ఇంటర్నెట్‌లో పెట్టిన తమ పనిని ఇతరులు తీసుకుని వాడుకుంటున్నారనీ, దానికి ప్రతిఫలం రాబట్టే దారి చెప్పమనీ కోరుతూ పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాను. పేర్లు వేయవద్దని కోరినవారు ఉన్నందువల్ల అందరి పేర్లూ తొలగించాను. అన్ని సమాధానాలకూ వర్తించే మాట ఒకటి ముందే చెప్పుకుందాం. మన 1957 నాటి కాపీరైట్ చట్టం, మీ పనిని వాడవద్దని చెప్పే అధికారాన్ని మీ చేతిలో పెడుతుంది గానీ, వాడుకున్నవారు ఎంత చెల్లించాలో చాలా సందర్భాల్లో చెప్పదు. ఆ అంకెను మీరే వేసి, అడిగి, కాగితం మీదికి తేవాలి.

ప్రశ్న: మాది ఆత్రేయపురం దగ్గర ఒక పల్లె. మా అత్తగారు పూతరేకులు తీసే విధానాన్ని నేనే చిత్రీకరించి, పద్నాలుగు నిమిషాల వీడియోగా నా యూట్యూబ్ ఛానల్‌లో పెట్టాను. ఒక ఫేస్‌బుక్ పేజీవారు అందులో నలభై సెకన్ల ముక్క కోసి, మా ఛానల్ గుర్తును మసకపరిచి, తమ గుర్తు వేసుకుని రీల్‌గా పెట్టారు. కింద ‘సౌజన్యం: యూట్యూబ్’ అని రాశారు. నా వీడియోకు ఆరు వేల వ్యూస్ ఉంటే ఆ రీల్‌కు పన్నెండు లక్షలు దాటాయి. అడిగితే ‘పూతరేకులు ఊరందరివీ కదమ్మా’ అన్నారు. నాకు రావలసింది ఏమైనా ఉందా?

జవాబు: ఉందమ్మా. పూతరేకులు తీసే పద్ధతి మీద మీకు హక్కు లేదన్నంత వరకు వారి మాట నిజమే. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఆ పేరుతో సరుకు అమ్మేవారికి సంబంధించిన విషయం, మీ వీడియోతో దానికి సంబంధం లేదు. ఆలోచనకూ, పద్ధతికీ కాపీరైట్ ఉండదనీ, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉంటుందనీ సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో స్పష్టం చేసింది. ఆ పేజీవారు తమ కెమెరాతో వేరే ఇంట్లో పూతరేకులు తీయిస్తే మీరు అడగగలిగేది ఏమీ ఉండేది కాదు. కానీ వారు తీసుకున్నది పద్ధతిని కాదు, మీరు తీసిన దృశ్యాలను.

నలభై సెకన్లే కదా అన్న సమర్థన కూడా చెల్లదు. మీరు పంపిన లింకులో ఆ ముక్క చూశాను. బోర్లించిన కుండ లోపల కొబ్బరాకుల మంట, పల్చటి గుడ్డను పిండినీళ్ళలో ముంచి కుండ మీద ఒక్కసారి లాగడం, రెప్పపాటులో కాగితంలాంటి పొర ఆరి అంచు లేవడం, మీ అత్తగారు దాన్ని చిరగకుండా రెండు వేళ్ళతో ఎత్తడం అందులో ఉన్నాయి. పద్నాలుగు నిమిషాల వీడియోకు ప్రాణం అదే. ఎంత తీసుకున్నారన్నదానితో పాటు ఏది తీసుకున్నారన్నది కూడా కోర్టులు చూస్తాయి. ఇక ‘సౌజన్యం: యూట్యూబ్’ అన్న మాట గురించి చెప్పాలంటే, ఆ వీడియో తీసింది యూట్యూబ్ కాదు. మీ ఛానల్ పేరే వేసినా అది అనుమతికి గానీ, చెల్లింపుకు గానీ బదులు కాదు. పైగా మీ గుర్తును కావాలని మసకపరిచారు కాబట్టి, హక్కుదారుల వివరాలను అనధికారికంగా తొలగించడాన్ని శిక్షార్హం చేసిన 65బి సెక్షన్ కూడా వర్తిస్తుందని వాదించవచ్చు.

ఇప్పుడు మీరు తేల్చుకోవలసింది, మీకు ఏం కావాలన్నది. రీల్ పోతే చాలా, మీ పేరు పడాలా, డబ్బు కావాలా? మూడింటికీ దారులు వేరు. చాలామంది కోపంలో వెంటనే ఫేస్‌బుక్‌కు ఫిర్యాదు చేస్తారు. ఫిర్యాదుకు ఖర్చు లేదు, తరచు త్వరగానే తొలగిస్తారు. కానీ రీల్‌తో పాటు వ్యూస్ లెక్కా కనబడకుండా పోతుంది, ఆ తరువాత పేజీవారికి మీతో మాట్లాడవలసిన అవసరమే ఉండదు. డబ్బు కావాలనుకుంటే క్రమం వేరుగా ఉండాలి. ముందు ఆ రీల్‌ను, దాని లింకును, తేదీని, వ్యూస్ సంఖ్యను, పేజీ పేరును స్క్రీన్ రికార్డింగ్ తీసి భద్రపరచండి. ఫోనులో గానీ, కెమెరా కార్డులో గానీ ఉన్న అసలు ఫైళ్ళను చెరపకండి. తరువాత పేజీవారికి మెసేజీలో కాకుండా ఈమెయిల్‌లో ఒక ఉత్తరం, దానితో ఒక బిల్లు పంపండి. ఫలానా దృశ్యాలు మీవనీ, ఫలానా తేదీ నుంచి అనుమతి లేకుండా వాడుతున్నారనీ, ఆ వాడకానికి లైసెన్స్ ఫీజు ఇంతనీ, పది రోజుల్లో చెల్లించాలనీ, లేకపోతే చట్టప్రకారం ముందుకు వెళతాననీ మర్యాదగా రాస్తే చాలు. తిట్లు వద్దు, రేపు ఆ ఉత్తరాన్ని న్యాయమూర్తి చదవవలసి రావచ్చు.

ఎంత అడగాలన్నదే అసలు చిక్కు. పన్నెండు లక్షల వ్యూస్‌కు వారికి ఎంత వచ్చి ఉంటుందో లెక్కగట్టి అందులో సగం అడుగుదామని మీరు రాశారు. ఆ లెక్క మీకు అందదు, అందినా మీరు అనుకున్నంత ఉండదు. చిన్న వీడియోల మీద నేరుగా వచ్చే సొమ్ము అన్నిచోట్లా స్వల్పమే. ఇలాంటి పేజీల లాభం వేరేచోట ఉంటుంది: మీ రీల్‌తో అనుచరులను పెంచుకుని, ఆ సంఖ్య చూపించి దుకాణాలవారితో ప్రకటనల బేరం కుదుర్చుకుంటారు. అందుకని వారి రాబడి వెంట పడకుండా మీ ధర మీరు నిర్ణయించుకోండి. వారు ముందుగా వచ్చి అడిగి ఉంటే ఆ ముక్కకు ఎంత తీసుకునేవారో అదే మీ అంకె. అనుమతి లేకుండా వాడినందుకు దాని మీద కొంత పెంచి అడగడం న్యాయమే. ఇకమీదట మీ ఛానల్ వివరాల పేజీలో, దృశ్యాలు వాడుకోదలచినవారు ముందుగా ఈమెయిల్ రాయాలనీ, 30 సెకన్ల లోపు ముక్కకు ఇంత, ఆపైన ఇంత అనీ ధరలు రాసి ఉంచండి. రేపు వివాదం వస్తే ఆ అంకెను మీరు గాలిలోంచి తేలేదని చూపడానికి అది అక్కరకు వస్తుంది.

వారు చెల్లించకపోతే? 55వ సెక్షన్ కింద నిలుపుదల ఉత్తర్వు, నష్టపరిహారం, వారు గడించిన లాభాల లెక్క కోరవచ్చు. 62వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే ప్రాంతంపై అధికారం ఉన్న జిల్లా కోర్టులోనే దావా వేయవచ్చు, పేజీవారు హైదరాబాదులో ఉన్నా సరే. అయితే పది, పదిహేను వేల రూపాయల కోసం దావా వేయమని నేను సలహా ఇవ్వను. ఖర్చులూ వాయిదాలూ ఆ సొమ్మును తినేస్తాయి. దానికంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. దావాకు ముందే లోక్ అదాలత్ ద్వారా అవతలివారిని పిలిపించి రాజీకి ప్రయత్నించవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. ఉత్తరాలకు బదులివ్వని పేజీవారు కూడా ఆ కార్యాలయం నుంచి నోటీసు వెళితే కదులుతారు. ఇక వచ్చిన సొమ్ములో అత్తగారి వాటా ఎంతన్నది మీ ఇంట్లో తేల్చుకోవలసిన విషయం. అందులో నేను తల దూర్చను.

ప్రశ్న: నేను వరంగల్‌లో ఉంటాను. రామప్ప గుడి ఫొటోలు తీసి వికీమీడియా కామన్స్ అనే ఉచిత ఫొటోల వెబ్‌సైట్‌లో పెట్టాను. ఒక రియల్ ఎస్టేట్ సంస్థ తన బ్రోషర్ అట్ట మీద నా ఫొటో వేసుకుంది. నా పేరు ఎక్కడా లేదు. ఉచితంగా ఇచ్చేసిన తరువాత డబ్బు అడిగే హక్కు ఉంటుందా?

జవాబు: మీరు ఇచ్చినది ఉచితంగానే, కానీ వాడినవారు మీ పేరూ, లైసెన్స్ పేరూ వేయాలన్న షరతు మీద ఇచ్చారు. మీరు ఎంచుకున్న క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్-షేర్‌అలైక్ 4.0 లైసెన్స్ వ్యాపార వాడకాన్ని కూడా అనుమతిస్తుంది. కాబట్టి ప్లాట్లు అమ్ముకోవడానికి వాడారన్న అభ్యంతరం నిలవదు. మీ పేరూ, లైసెన్స్ పేరూ వేయలేదన్న అభ్యంతరం మాత్రం నిలుస్తుంది. షరతు తప్పినవారికి ఆ లైసెన్స్ తనంతట తానే రద్దవుతుంది. తప్పు తెలిసిన 30 రోజుల్లోగా సరిదిద్దుకుంటే తిరిగి అమలులోకి వస్తుంది గానీ, మధ్యలో జరిగిన ఉల్లంఘనకు పరిహారం అడిగే మీ హక్కు అలాగే ఉంటుంది. అచ్చయి పంచిన బ్రోషర్లను సరిదిద్దడం వారికి ఎలాగూ కష్టం కాబట్టి, పేరు వేయకుండా వాడుకునేందుకు విడిగా ఒక లైసెన్స్ అమ్ముతాననీ, దాని ధర ఇంతనీ రాయండి. ఒకే ఫొటోను అక్కడ షరతులతో ఉచితంగానూ, షరతులు వద్దనుకునేవారికి డబ్బుకూ ఇవ్వడానికి చట్టంలో ఏ అడ్డూ లేదు.

ఒక్క జాగ్రత్త: ఇచ్చిన ఆ లైసెన్స్‌ను మీరు వెనక్కి తీసుకోలేరు. వ్యాపారేతర వాడకానికి మాత్రమే అనే లైసెన్స్‌ను వికీమీడియా కామన్స్ స్వీకరించదు. అమ్ముకోదలచిన ఫొటోలను అక్కడ పెట్టకండి.

ప్రశ్న: ఖమ్మంలో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. నేను తీసిన ఒక పెళ్ళికూతురి ఫొటోను నా ఇన్‌స్టాగ్రామ్ నుంచి తీసుకుని ఒక గాజుల దుకాణంవారు ఫ్లెక్సీ వేశారు. వారికి బిల్లు పంపవచ్చా?

జవాబు: మీకు రుచించని సమాధానం ఇవ్వవలసి వస్తోంది. డబ్బు తీసుకుని, మరొకరి కోరిక మీద తీసిన ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారేనని 17వ సెక్షన్ చెబుతుంది. అంటే బిల్లు పంపవలసినది పెళ్ళివారు. ఆ అమ్మాయి బొమ్మను ప్రకటనకు వాడినందుకు అభ్యంతరం చెప్పే హక్కు కూడా ఆమెదే. ఆ ఫొటోను మీరు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడానికి వారి దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకున్నారో లేదో ముందు చూసుకోండి. అడ్వాన్స్ రసీదు వెనుక ఈ సంగతులన్నీ రెండు వాక్యాల్లో అచ్చు వేయించి, కింద సంతకం తీసుకునే అలవాటు ఇప్పటికైనా చేసుకోవడం మంచిది.

ప్రశ్న: నా కథలు పత్రికల్లో వస్తుంటాయి. ఒక యూట్యూబ్ ఛానల్‌లో నా కథలు నాలుగు పూర్తిగా చదివి వినిపించారు. ప్రకటనలు కూడా వస్తున్నాయి. అడిగితే, ‘కథ చివర మీ పేరు చెప్పాం, పైగా తెలుగుకు సేవ చేస్తున్నాం’ అన్నారు. పత్రికవారిని అడిగితే, హక్కులు తమవేనన్నట్టు మాట్లాడారు. ఇంతకీ ఆ కథలు ఎవరివి? (ఒంగోలు)

జవాబు: మీవే. పత్రికలో ఉద్యోగం చేస్తూ, ఆ ఉద్యోగంలో భాగంగా రాసినవారి విషయంలో కూడా, పత్రికల్లో ప్రచురించే హక్కు వరకే యజమానికి చెందుతుందనీ, మిగిలిన హక్కులు రచయితవేననీ, వేరే ఒప్పందం లేని పక్షంలో 17వ సెక్షన్ చెబుతుంది. మీరు ఉద్యోగి కూడా కారు. హక్కులను బదిలీ చేయాలంటే 19వ సెక్షన్ ప్రకారం మీ సంతకంతో కూడిన కాగితం ఉండాలి. ‘ప్రచురితమైన రచనలపై సర్వహక్కులూ పత్రికవే’ అని లోపలి పేజీలో ఒక వాక్యం అచ్చు వేసుకున్నంత మాత్రాన అవి బదిలీ కావు. ఈ మాట నా శీర్షికను ప్రచురిస్తున్న పత్రికకు కూడా వర్తిస్తుంది. సంపాదకులు దీన్ని కత్తిరించకుండా వేస్తారని ఆశిస్తున్నాను.

ఒక సంతకం మీరు ఎప్పుడో చేసి ఉన్నా, అందులో గడువు రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్ళుగా భావిస్తుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అంతేకాదు, 2012 సవరణ తరువాత, ఒప్పందం నాటికి లేని లేదా వాణిజ్యపరంగా వాడుకలోకి రాని మాధ్యమానికి, దాని పేరు ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప, ఆ బదిలీ వర్తించదు. ‘సర్వహక్కులు’ అన్న ఒక్క మాటతో రాబోయే కాలాన్నంతా కొనుక్కోవడం అంత సులభం కాదు.

ఇక చదివి వినిపించినవారి సంగతి. అచ్చయిన రచన నుంచి సముచితమైన భాగాన్ని బహిరంగంగా చదవడానికి 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. కథ మొత్తాన్ని రికార్డు చేసి అందరికీ అందుబాటులో పెట్టడం దాని కిందికి రాదు. రచయిత పేరు చెప్పడం 57వ సెక్షన్ కింద వారు ఎలాగూ పాటించవలసిన బాధ్యత, అది మీకు చేసిన ఉపకారం కాదు. సేవ విషయానికి వస్తే, ఆ ఛానల్‌లో ప్రకటనలు ఆపే వీలు వారికి ఉంది, వారు ఆపలేదు. చదివే గొంతుకూ, ఎడిటింగ్ చేసే చేతికీ, వెనక వినిపించే వేణువుకూ ఖర్చు పెట్టినవారికి కథకు ఇవ్వడానికి మాత్రమే చేతులు రాకపోవడం మన దగ్గర పాతబడిన అలవాటు.

అయినా ఆ ఛానల్‌ను మూయించమని చెప్పను, ఎందుకంటే కంటిచూపు మందగించిన పెద్దలు, బియ్యం ఏరుకుంటూ వినే గృహిణులు, తెలుగు అక్షరాలు రాని ప్రవాసుల పిల్లలు కథలు వింటున్నది ఇలాంటి చోట్లనే. తెగదెంపుల కంటే ఒప్పందం మేలు. ఫలానా నాలుగు కథలను ఫలానా ఛానల్‌లో మూడేళ్ళపాటు చదివి వినిపించడానికి అనుమతి ఇస్తున్నాననీ, ఇతరులకు కూడా అనుమతి ఇచ్చుకునే స్వేచ్ఛ నాదేననీ, కథకు ఇంత చొప్పున ముందుగా చెల్లించాలనీ, ఆ వీడియో రాబడి ఫలానా మొత్తం దాటితే దాటినదానిలో ఇంత శాతం నాదనీ, అందుకు యూట్యూబ్ రాబడి పేజీ నకలును ఆరు నెలలకు ఒకసారి పంపాలనీ, కథ పేరూ నా పేరూ వీడియో మొదట్లోనే వినిపించాలనీ రాసుకోండి. పాఠాన్ని కుదించకూడదన్న షరతు కూడా చేర్చండి. ముగింపు మార్చి చదివిన ఉదంతాలు నాకు తెలుసు. వారు ఒప్పుకోకపోతే యూట్యూబ్‌కు కాపీరైట్ ఫిర్యాదు చేసే ఫారం ఉండనే ఉంది. అలాంటి ఫిర్యాదుల మీద యూట్యూబ్ వేసే హెచ్చరికలను స్ట్రైకులు అంటారు; 90 రోజుల్లో మూడు పడితే ఛానల్‌కే ముప్పు కాబట్టి, మీ నాలుగు కథల మాట వారు తేలికగా తీసుకోరు.

కాపీరైట్ ముగిసిన రచనలకు ఇదేమీ వర్తించదు. రచయిత మరణించిన తరువాతి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ళ పాటు హక్కు ఉంటుంది. 1915లో కన్నుమూసిన గురజాడ రచనలను ఎవరైనా చదివి వినిపించవచ్చు. 1979లో మరణించిన చలం రచనలకు 2039 చివరి దాకా వారసుల అనుమతి కావాలి.

ప్రశ్న: మాది బొబ్బిలి వైపు. మా అమ్మమ్మ పాడిన జానపదానికి నేను రెండు చరణాలు కట్టి పాడాను. 2019లో ఒక స్టూడియోవారు ఐదు వేలు ఇచ్చి ఇంగ్లీషులో ఉన్న కాగితం మీద సంతకం తీసుకున్నారు. ఇప్పుడు ఆ పాట డీజే రీమిక్స్ అయి పెళ్ళిళ్ళలోనూ రీల్స్‌లోనూ మోగుతోంది. నాకు రూపాయి రాలేదు.

జవాబు: మీ పాటలో మూడు పొరలు ఉన్నాయి. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పల్లవి, బాణీ సంప్రదాయానివి. వాటి మీద ఎవరికీ కాపీరైట్ లేదు, స్టూడియోవారికి కూడా లేదు. మీరు కట్టిన రెండు చరణాలకు రచయిత మీరు. పాడిన గొంతుకు 38, 38ఎ సెక్షన్ల కింద ప్రదర్శకుల హక్కు ఉంది, అది 50 ఏళ్ళు ఉంటుంది. స్టూడియోవారిది ఆ రికార్డింగ్ మీది హక్కు మాత్రమే.

ముందు ఆ కాగితం నకలు సంపాదించి, అందులో గడువు రాసి ఉందో లేదో చూడండి. ‘శాశ్వతంగా’ అన్న అర్థం వచ్చే మాట ఉంటే ఒక తీరు. గడువే రాయకపోతే, పై జవాబులో చెప్పిన ఐదేళ్ళ నియమం ప్రకారం 2019 నాటి బదిలీ 2024తో ముగిసింది. ఈ నియమం 39ఎ సెక్షన్ ద్వారా ప్రదర్శకుల హక్కులకు కూడా వర్తిస్తుంది. ఒకవేళ శాశ్వతమని రాసి ఉన్నా, చరణాల రచయితగా మీకు ఒక రక్షణ మిగిలే ఉంది. రాజ్యసభ సభ్యుడిగా జావేద్ అఖ్తర్ గట్టిగా పట్టుబట్టిన 2012 సవరణ ప్రకారం, సినిమాలో భాగం కాని రికార్డింగ్‌లోని సాహిత్యం, సంగీతం వాడినప్పుడు వచ్చే రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును ఆ రచయిత వదులుకోవడానికి వీల్లేదు; వదులుకున్నట్టు రాసిన ఒప్పందం చెల్లదు. వారసులకో, రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీకో మాత్రమే ఆ హక్కు ఇవ్వవచ్చు. ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టాను కదా అని అధైర్యపడనక్కరలేదు.

వసూలు మీ ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఎవరు ఏ రీల్‌లో, ఏ వేదిక మీద మీ పాట వేశారో మీరు వెతకలేరు. గేయ రచయితలకూ సంగీతకర్తలకూ 1969 నుంచి ఉన్న ఐపీఆర్ఎస్, గాయకులకు ఇసామ్రా అనే రాయల్టీ వసూలు సంస్థలు ఉన్నాయి. సభ్యత్వం తీసుకుని, పాట వివరాలను, చరణాలు మీవన్న సంగతితో సహా, నమోదు చేయించండి. జానపద కళాకారులు చాలామంది ఈ సంస్థల పేర్లే వినలేదు. సినిమా గాయకులకు మాత్రమే అనుకుంటారు, అది నిజం కాదు. స్టూడియోవారికి మాత్రం వేరుగా ఒక ఉత్తరం రాసి, రీమిక్స్‌కు అనుమతి ఎవరు ఇచ్చారో, దాని మీద ఇప్పటిదాకా ఎంత వచ్చిందో లెక్క అడగండి.

ప్రశ్న: గుంటూరులో ఇంజినీరింగ్ చదువుతూ, సినిమాలనూ టీవీ వార్తలనూ విశ్లేషించే ఛానల్ నడుపుతున్నాను. ఏడు సెకన్ల లోపు అయితే ఎవరి క్లిప్ అయినా వాడవచ్చని స్నేహితులు చెప్పారు. ఐదు సెకన్లు వాడినందుకే ఒక సంస్థ స్ట్రైక్ వేసి, తీసేయాలంటే పెద్ద మొత్తం కట్టి ఏడాది లైసెన్స్ తీసుకోమంటోంది. ఇది న్యాయమేనా?

జవాబు: ఏడు సెకన్ల నియమం మన చట్టంలో లేదు, పది, ముప్పై సెకన్ల నియమాలూ లేవు. ఉన్నది సముచిత వినియోగం. విమర్శ, సమీక్ష, వర్తమాన విషయాల నివేదన కోసం అవసరమైనంత మేరకు ఇతరుల రచనను వాడుకోవచ్చని 52వ సెక్షన్ చెబుతుంది. ఎంత వాడారు, ఎందుకు వాడారు, అసలు రచనకు మీది పోటీ అయ్యే అవకాశం ఉందా అన్న మూడు ప్రశ్నలను కేరళ హైకోర్టు 1996లో సివిక్ చంద్రన్ కేసులో వేసుకుంది. నేటికీ అవే గీటురాళ్ళు. మీరు ఐదు సెకన్ల దృశ్యం చూపించి దాని మీదనే మాట్లాడి ఉంటే మీ పక్షం బలమైనది. మీ కథనానికి వెనక బొమ్మ కావాలని మాత్రమే వాడి ఉంటే, ఐదు సెకన్లయినా బలహీనమే. దృశ్యాన్ని నేల మీద నిలబడి తీసినవారు కూడా జీతం తీసుకోవలసిన మనుషులే అన్నది మరువకూడదు. ఈ పేజీలో పైన వాపోయినవారి స్థానంలో వారిని ఒకసారి ఊహించుకోండి.

అయితే హక్కు ఉండడం వేరు, ఛానల్ పోతుందన్న భయాన్ని ఆసరా చేసుకుని ధర నిర్ణయించడం వేరు. 2025 మే నెలలో ఏఎన్ఐ వార్తాసంస్థ తమ మీద స్ట్రైకులు వేసి, లైసెన్స్ పేరుతో లక్షల్లో అడిగిందని కొందరు యూట్యూబర్లు బహిరంగంగా ఆరోపించారు. తన హక్కులను కాపాడుకుంటున్నానని ఆ సంస్థ అన్నది. అలాంటి బేరంలో రెండవ పక్షానికి ఆలోచించుకునే వ్యవధి ఉండదు, అక్కడే అన్యాయం ఉంది. మీ వాడకం విమర్శ కోసమే అయితే యూట్యూబ్‌లో ప్రతివాద నోటీసు ఇవ్వండి. అవతలివారు పది పనిదినాల్లో కోర్టుకు వెళ్ళినట్టు చూపకపోతే వీడియోను తిరిగి పెడతారు. ఆ నోటీసులో మీ అసలు పేరు, చిరునామా ఇవ్వవలసి ఉంటుంది, అవతలివారు నిజంగానే దావా వేయవచ్చు, కాబట్టి ఒక న్యాయవాదికి వీడియో చూపించిన తరువాతే పంపండి. నిరాధారంగా బెదిరించినవారి మీద మీరే కోర్టుకు వెళ్ళే వీలు 60వ సెక్షన్‌లో ఉంది. వాడకం సముచితం కాదని మీకే అనిపిస్తే, ఆ ఒక్క క్లిప్‌కు ధర ఎంతో అడగండి; ఐదు సెకన్లకు ఏడాది లైసెన్స్ కొనవలసిన అగత్యం లేదు.

ప్రశ్న: నేను డబ్బింగ్ కళాకారిణిని. ఒక ప్రకటనలో నా గొంతులాంటి గొంతే వినిపించింది; కృత్రిమ మేధతో చేశామన్నారు. ఇలాంటివాటికి మాకు చెల్లింపు ఉండదా? (విజయవాడ)

జవాబు: గొంతుకు విడిగా కాపీరైట్ లేదు. కానీ గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును కృత్రిమ మేధతో అనుకరించే సాధనాల మీద బొంబాయి హైకోర్టు 2024లో నిలుపుదల ఉత్తర్వు ఇస్తూ, ఒకరి స్వరాన్ని అనుమతి లేకుండా అలా మలచడం ఆ వ్యక్తికి తన వ్యక్తిత్వం మీద ఉన్న హక్కుకు భంగమని భావించింది. ఆయన దేశమంతటికీ తెలిసిన గాయకుడు. మీ విషయంలో ఆ గొంతు మీదేనని శ్రోతలు గుర్తుపట్టగలరని చూపవలసి ఉంటుంది. మీ పాత రికార్డింగులనే అందుకు వాడి ఉంటే, ప్రదర్శకురాలిగా మీ హక్కుల ప్రశ్న కూడా వస్తుంది.

కృత్రిమ మేధకు శిక్షణ ఇవ్వడానికి వాడుకున్న రచనలకు చెల్లింపు మాటకొస్తే, కేంద్ర ప్రభుత్వపు పరిశ్రమలు, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక శాఖ నియమించిన కమిటీ 2025 డిసెంబరులో ఒక పత్రం విడుదల చేసింది. కృత్రిమ మేధ సంస్థలకు రచనలను వాడుకునే అనుమతి ఒకే మొత్తంగా ఇచ్చి, వాటి రాబడి మీద రాయల్టీ వసూలు చేసి హక్కుదారులకు పంచాలని అందులో ప్రతిపాదించారు. ఆ పద్ధతిలో వద్దని చెప్పే హక్కు రచయితకు ఉండదు, డబ్బు పొందే హక్కు మాత్రమే ఉంటుంది. వసూలైన సొమ్ము పేరున్న పెద్ద సంస్థల దగ్గర ఆగకుండా బొబ్బిలి గాయని దాకా ఎలా వస్తుందన్నది నా అనుమానం. ప్రతిపాదన చట్టం కాదు కాబట్టి, మీ చేతిలో ఉన్నది మీ తదుపరి ఒప్పందమే. ‘ఈ రికార్డింగును కృత్రిమ స్వరం తయారీకి గానీ, శిక్షణకు గానీ వాడరాదు, వాడదలిస్తే విడిగా రాతపూర్వక ఒప్పందమూ, ఫీజూ ఉండాలి’ అన్న వాక్యం చేర్చకుండా మైకు ముందు కూర్చోకండి.

ప్రశ్న: ఇవన్నీ అడగాలంటే ముందు కాపీరైట్ రిజిస్టర్ చేయించాలా? (అనంతపురం)

జవాబు: అక్కరలేదు. రచన పుట్టగానే హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషన్ సాక్ష్యంగా పనికి వస్తుంది. సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు, వీడియోకు 5,000. రోజుకొక వీడియో పెట్టేవారికి అది గిట్టుబాటు కాదు కాబట్టి, బాగా ఆడిన ఒకటి రెండింటికి మాత్రం చేయించుకుని, మిగిలినవాటికి అసలు ఫైళ్ళను తేదీలతో దాచుకోండి. ఉత్తరాలు రాసే పాఠకులు తమ దగ్గర ఏదైనా ఒప్పంద పత్రం ఉంటే దాని నకలు కూడా జతచేయగలరు; సంతకం చేసిన తేదీ చదవగలిగేలా ఉండాలి.